ఘనపూరు చెట్టు, జనగామ నీళ్లు

మా స్నానాలగదిలో ఉన్న షవరు మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. పెట్టించిన కొత్తలో అది వానలాగే కురిసేది, ఆ మాట కాదనను. ఇప్పుడు మాత్రం దాని రంధ్రాలలో చాలావరకు తెల్లని ఉప్పుతో పూడుకుపోయి, మిగిలిన కాసినింటిలో ఒకటి నేరుగా తలుపు మీదికి, మరొకటి పైకప్పు వైపుకు, ఇంకొకటి సరిగ్గా నా ఎడమ చెవిలోకి కొడుతున్నాయి. నడుమ నేను పొడిగా నిలబడి ఉంటాను. నల్లాలు బాగుచేసే అతన్ని పిలిపిస్తే, దాన్ని విప్పి, వెలుగులోకి ఎత్తి చూసి, షవరులో దోషమేమీ లేదనీ, దోషమంతా నీళ్లదేననీ తేల్చి, ఒక పూట చింతపండు పులుసులో నానబెట్టమని చెప్పి వెళ్లిపోయాడు. డిగ్రీలో రసాయనశాస్త్రం చదివినవాడిని కనుక నేను ఎందుకని అడగలేదు.

వంటింట్లో ఒక గిన్నెలో చింతపండు పిసికి, అందులో షవరు తల ముంచిపెట్టాను. కాసేపటికి సన్నగా బుడగలు లేవడం మొదలయింది. ఆ పులుపు వాసన ముక్కుకు తగిలిందో లేదో, నేను డెబ్బయి దాటిన మనిషినన్న సంగతి మరిచిపోయి, మా పాత ఇంటి పెరట్లో ఒక మట్టి తొట్టి ముందు గొంతుకూచుని ఉన్నాను. చేతిలో చింతపండు నీళ్ల చెంబు. ఎదురుగా ఆకులన్నీ పసుపు పట్టిన గంధరాజం మొక్క. వెనకాల మా వదిన, డాక్టరు ఏమంటాడోనని నిలబడ్డ మనిషిలాగా.

మన ఈడువారికి జనగామ నీళ్ల గురించి కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. ఆ నీళ్లలో సబ్బు నురగ కావడానికి ఇష్టపడేది కాదు, పప్పు ఉడకడానికి తొందరపడేది కాదు, నీళ్ల కాగు అడుగున అప్పుడప్పుడూ రాయి పెట్టి కొట్టి తీయవలసినంత తెల్లని పెచ్చు కట్టేది. నేల కూడా నీళ్లకు తగ్గదే. ఎండాకాలం మా పెరటి గోడ వెంట ఎవరో పిండి చల్లినట్టు నేల తెల్లగా పొంగేది. దాన్ని పుస్తకాలలో చవుడు అన్నారు, మేము సౌడు అనేవాళ్లం, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ మాత్రం దాన్ని ఏమీ అనకుండా ఊడ్చిపారేసేది. అక్కడే పుట్టి పెరిగిన గన్నేరుకూ, నాటు గులాబికీ, మాకూ అదొక లోపమని తోచేది కాదు. ఇంకో రకం నీళ్లు ఉంటాయని తెలిస్తే గదా తోచడానికి.

ఆ సంగతి మా వదిన వచ్చాకే తెలిసింది. వదినది ఘనపూరు. మా పక్కనే ఉన్న స్టేషను ఘనపూరు కాదు, ములుగు దిక్కున అడవి అంచున ఉండే ఘనపూరు. ఈ తేడాను ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో వాడకట్టు ఆడవాళ్లందరికీ విడివిడిగా విప్పి చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే మా వైపు కోడలిని పేరు పెట్టి పిలిచే అలవాటు అప్పట్లో లేదు. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరే ఆమె పేరు. నర్మెట్ట నుంచి వచ్చిన మా అవ్వ, జనగామలో పిల్లలను కని, పెంచి, పెళ్లిళ్లు చేసి, ఇంత వయసు వచ్చినా నర్మెట్టామెగానే ఉండిపోయింది. ఆ లెక్కన వదిన ఘనపూరామె అయింది. ఆమె వస్తూ వస్తూ ఒక పాత నూనెడబ్బాలో గంధరాజం మొక్కను తెచ్చుకుంది. అది కూడా అక్కడి నుంచే వచ్చింది కాబట్టి, దాని అసలు పేరు ఎవరూ అడగకుండానే అది ఘనపూరు చెట్టయింది.

ఆ మొక్క వెనక ఒక చిన్న కథ ఉంది. మా అన్న తాలూకా కచేరీలో గుమస్తా. అన్న ఎంత తక్కువ మాట్లాడేవాడంటే, ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో చెప్పుల వల్ల తెలుసుకునేవాళ్లం. అటువంటి మనిషి, పెళ్లినాడు ఘనపూరులో వాళ్ల బావి దగ్గర కాళ్లు కడుక్కుంటూ, అక్కడ నిలువెత్తు పెరిగి తెల్లని పూలతో విరగబూసి ఉన్న చెట్టును చూసి, ఈ వాసన ఎంత బాగుంది అన్నాడట. పెళ్లికూతురు లోపలి గది కిటికీలోంచి ఆ మాట విన్నది. పెళ్లయ్యాక కూడా ఆయన ఆమెతో అంతకంటే పొడుగైన మాట ఏదీ అని ఉండడని నా అనుమానం. అందుకే ఆ చెట్టు కొమ్మను అంటుకట్టించి, వేళ్లు రాగానే డబ్బాలో పెట్టుకుని మా ఇంటికి తెచ్చింది.

అది అరవై తొమ్మిది. ఆ ఏడు కళాశాలలు మూతపడి ఉన్నాయి, హనుమకొండలో బి.ఎస్సీ. చదువుతూ ఉండవలసిన నేను, జేబులో ఉండిపోయిన ఒక చిన్న లిట్మస్ కాగితాల పుస్తకంతో ఇంట్లో ఉన్నాను. మా నాన్న, మేము బాపు అనేవాళ్లం, రాజకీయాల్లో ఉన్నాడనేవారు. నిజానికి ఆయన అరుగు మీద ఉండేవాడు, రాజకీయాలే ఆయన దగ్గరికి వచ్చి చాయ తాగి పోయేవి. ప్రత్యేక రాష్ట్రం కోసం తీసిన ఊరేగింపులకు నేనూ పోయాను, గొంతు పోయేదాకా అరిచాను, నన్నెవరూ పట్టించుకోలేదు. మా అన్న మాత్రం జీవితంలో ఒక్కసారి, కచేరీ మెట్ల మీద తోటి గుమస్తాలతో కలిసి నిలబడి గొంతెత్తాడు. ఆ ఒక్కసారికే వ్యాను వచ్చి తీసుకుపోయింది. పెళ్లయి ఇంకా వదినకు మా ఇంట్లో ఉప్పు డబ్బా ఏదో, శనగపిండి డబ్బా ఏదో సరిగా తెలియని రోజులవి.

కొత్తకోడలు, మొగుడు జైల్లో, అత్తవారిల్లు, ఉడకని పప్పు. ఈ చివరిదే ఆమెను ఎక్కువగా ఏడిపించింది. వాళ్ల ఊళ్లో పొయ్యి మీద పెట్టి పక్కకు తిరిగేలోపు కరిగిపోయే కందిపప్పు, మా బావి నీళ్లలో ఎంతసేపు ఉడికినా గింజకు గింజ విడిగా తిరుగుతూ ఉండేది. అవ్వ చెడ్డది కాదు గాని నాలుక మీద అదుపు తక్కువ. ఘనపూరోళ్లకు పప్పుడకబెట్టుడు నేర్పలేదా బిడ్డా, అన్నది ఒకరోజు అన్నం ముందు కూర్చుని. వదిన తల వంచుకుని పెరట్లోకి వెళ్లి, ఆ చెట్టు దగ్గర నిలబడింది. నేను గమనించింది అప్పుడే: చెట్టు ఆకులు కూడా రంగు మారుతున్నాయి.

అది మామూలుగా ఎండిపోవడం కాదు. ఆకు పసుపుపచ్చగా పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి, ఎవరో కూర్చుని గీసినట్టుండేది. కొత్త చిగురు ఇంకా తెల్లబోయి వచ్చేది. వదిన ఒకనాడు నన్ను పిలిచి, తలుపు చాటు నుంచే అడిగింది.

"తమ్మీ, నువ్వు చదువుకుంటున్నవు గద. గీ చెట్టు మీ అన్న వచ్చెటాళ్లకు పూస్తదా?"

నా చదువును ఎవరైనా అంత సూటిగా ప్రశ్నించడం అదే మొదలు. పూయిస్తానని చెప్పాను. మాట ఇవ్వడం ఎంత సులువో ఆ వయసులో ఉన్నవాళ్లకే తెలుసు.

లిట్మస్ పుస్తకం బయటికి తీశాను. ఎర్ర కాగితం బావి నీళ్లలో ముంచితే నీలమైంది. పెరటి మట్టిని తడిపి అద్దితే నీలమైంది. తొట్టి మట్టిలో పెడితే ఇంకా గట్టి నీలమైంది. మా ఇంట్లో ఏది ముట్టుకున్నా నీలమే, అంటే క్షారమే. అవ్వ కంటినీరు ఒక్కటే పరీక్షించలేదు, అది కూడా కాస్త అటువైపేనని తరువాత ఎక్కడో చదివాను. విషయం అర్థమైంది. గంధరాజానికి పుల్లని నేల కావాలి. ఆకు పచ్చగా ఉండాలంటే ఇనుము కావాలి, చవుడు నేలలో అది లేక కాదు, ఉంటుంది. కాని చవుడు దాన్ని వేరుకు అందనివ్వకుండా బిగపట్టుకుంటుంది. నిండా బియ్యమున్న ఇంట్లో కోడలికి అన్నం పెట్టకపోవడం వంటిదన్నమాట. ఈ పోలిక నేను ఆనాడు అవ్వ ముందు వాడలేదు.

తొట్టి మట్టి ఎందుకు అంత గట్టిగా నీలమైందో కూడా తొందరలోనే బయటపడింది. డబ్బాలో ఇరుకైపోతుందని చెట్టును మంచి కుండ తొట్టిలోకి మార్చింది అవ్వే. ప్రేమతోనే మార్చింది. మార్చి, దానికి బలమని రోజూ పొయ్యిలో బూడిద తెచ్చి పిడికెడు చొప్పున మొదట్లో చల్లుతూ వచ్చింది. మన ఇళ్లలో అంట్లు తోమడానికీ, పళ్లు తోమడానికీ, పురుగు పట్టకుండా గింజల్లో కలపడానికీ, చెట్లకు వేయడానికీ బూడిదే. చవుడు నేలకు బూడిద తోడైతే ఏమవుతుందో నేను మెల్లగా చెప్పబోయాను. బూడిదేస్తెనే గదా మీ తాత గుమ్మడికాయలు గంపలకొద్ది కాసినయి, అన్నది అవ్వ. తాత గుమ్మడికాయల మీద నా దగ్గర లిట్మస్ లేదు.

ఇక ప్రయోగాలు మొదలుపెట్టాను. పగిలిన కుండలన్నీ పెరట్లో వరుసగా పెట్టి, ఒకదాంట్లో చెరువు ఒండ్రు, ఒకదాంట్లో బాగా మాగిన పశువుల పెంట, ఇంకొకదాంట్లో పల్లికాయ పొట్టు, మరొకదాంట్లో రంపపు పొట్టు కలిపి, అన్నిటిలోనూ వాడకట్టులో దొరికిన పూలమొక్కలు నాటాను. గంధరాజం ఒక్కటే ఉండేది కాబట్టి దాని మీద చేయి వేయడానికి ధైర్యం చాలలేదు. ఒండ్రులో చామంతి బాగా లేచింది. కనకాంబరం రంపపు పొట్టులో మొదట ముఖం మాడ్చుకుని, ఆ పొట్టు కుళ్లాక తేరుకుంది. పల్లిపొట్టు మంచిదే గాని ఎలుకలకు కూడా ఆ సంగతి తెలిసింది. గన్నేరును దేంట్లో పెట్టినా తేడా లేదు. దానికి మట్టి అవసరమా అన్నదే నా అనుమానం. అయితే ఏ మట్టిలో పెట్టినా, పైన పోసేది మా బావి నీళ్లే గనక, కొన్నాళ్లకు కాగితం మళ్లీ నీలమయ్యేది. అప్పుడు వచ్చింది చింతపండు. నీళ్లలో కాస్త పులుపు కలిపి పోస్తే చవుడు విరుగుతుందని లెక్కగట్టి, గంధరాజానికి రోజూ ఒక చెంబు పలుచని చింతపండు నీళ్లు పోయసాగాను. అవ్వ రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడోనాడు వంటింటి గడప మీద నుంచి, పులుసైతె పోస్తున్నవు, జర పోపు గూడ పెట్టరాదురా, అన్నది.

చింతపండుతో చెట్టు ఇంకా పాలిపోవడం ఆగింది గాని తిరిగి పచ్చబడలేదు. దానికి కావలసింది దాని మట్టి అని తోచింది. వాళ్ల ఊరు పోయి తెస్తానన్నాను. అన్నిచోట్లా బందులు నడుస్తున్న రోజుల్లో మట్టి కోసం ప్రయాణమేమిటని బాపు అడగలేదు. ఆయన అప్పటికే అన్న గురించి అరుగు మీది వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ అలసిపోయి, ఇంట్లో ఏం జరిగినా సరేననే స్థితిలో ఉన్నాడు. దొరికిన బస్సు ఎక్కుతూ, దొరకనిచోట నడుస్తూ ఘనపూరు చేరాను. వదిన వాళ్ల బాపు, నేను మామా అని పిలిచే ఆయన, నన్ను చూడగానే కూతురికేమైందోనని తడబడి, నేను వచ్చింది మట్టికని తెలిశాక తేరుకోవడానికి కాసేపు పట్టింది. ఆ తరువాత ఇద్దరం భూపాలపల్లి దోవలో అడవి అంచుకు పోయాం. మద్దిచెట్ల కింద ఏళ్లకేళ్లుగా ఆకు మీద ఆకు పడి కుళ్లి, నల్లగా, మెత్తగా, చేతిలోకి తీసుకుంటే అప్పుడే విరిగిన రొట్టెలా విడిపోయే మట్టి. తడిపి నీలం కాగితం అద్దాను. అంచులో సన్నగా ఎరుపు తిరిగింది. ఇంతకు ముందు కళాశాలలో తప్ప ఎక్కడా చూడని ఆ రంగును చూసి నాకు పట్టరాని సంతోషం కలిగింది. నా సంతోషం చూసి మామకు మళ్లీ భయం వేసింది.

సంచి నిండా మట్టి నింపుకుని తిరుగు బస్సెక్కాను. ములుగు దాటాక పోలీసులు బస్సును ఆపారు. ఆ రోజుల్లో విద్యార్థి వయసువాడు, కాళ్ల దగ్గర బరువైన సంచి, రెండూ ఒకచోట ఉండడం మంచిది కాదు. ఆ పోలీసాయన మా వైపువాడు కాదు, మాట పొడుగ్గా తీసేవాడు.

"ఏముందిరా అందులో?"

"మన్ను సార్."

ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. సంచిని కిందికి దింపించి, రోడ్డు పక్కన కుమ్మరించి, లాఠీతో కెలికాడు. బస్సంతా కిటికీల్లోంచి చూస్తున్నది. మన్నుల నుంచి మన్నే ఎల్లుతది గని తుపాకులెల్లుతయా, అన్నది వెనక సీటులోని ఒక ముసలమ్మ, ఎవరికీ చెప్పనట్టుగా, అందరికీ వినబడేట్టుగా. పోలీసాయన కూర్చుని చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. ఆయన ముఖంలో కొంచెం మార్పు వచ్చింది. ఏం చదువుతున్నావని అడిగాడు, బి.ఎస్సీ. అన్నాను, దీనికీ దానికీ సంబంధమేమిటని అడుగుతాడనుకున్నాను గాని అడగలేదు. "మంచి మట్టి," అన్నాడు, మెల్లగా, ఇంటి దగ్గర పొలమున్న మనిషిలా. ఆ పైన తానే రెండు దోసిళ్లు ఎత్తి సంచిలో పోశాడు. మిగిలింది బస్సులోని వాళ్లు దిగి ఎత్తారు. కొంత ఆ రోడ్డు మీదే ఉండిపోయింది. ఆ చోట ఇప్పటికీ ఏదైనా బాగా మొలుస్తుంటే అది నా వల్లనే.

ఆ మట్టిలోకి మార్చాక, పైన వాన నీళ్లు మాత్రమే పోయాలని నియమం పెట్టుకున్నాం. చూరు కింద గోలెం పెట్టి వదినా నేనూ వాన నీళ్లు పట్టేవాళ్లం. వానకాలం నడిచేకొద్దీ కొత్తాకులు ముదురు పచ్చగా, నూనె రాసినట్టు మెరుస్తూ వచ్చాయి. వదిన ఆ గోలెం నీళ్లలో ఒకసారి దొంగతనంగా పప్పు కూడా ఉడికించింది. అవ్వ ఆ పూట రెండుసార్లు పప్పు వేయించుకుని, ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే మా ఇంట్లో బిరుదు. వానలు వెనకబట్టేవేళకు కొమ్మ చివర ఒక మొగ్గ వచ్చింది, మెలి తిప్పిన పచ్చని వత్తిలాగా. వదిన రోజూ దానిని చూసేది గాని ముట్టుకునేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే జైల్లో ఉన్నవాళ్లను వదిలిపెడుతున్నారన్న మాట వచ్చింది.

బాపూ నేనూ వరంగల్లు వెళ్లాం. ఇవాళ వదులుతారు, రేపు వదులుతారు అంటూ అక్కడే ఒక చుట్టం ఇంట్లో కొన్నాళ్లు గడిచిపోయాయి. చివరకు అన్న బయటికి వచ్చాడు, గడ్డంతో, చెప్పులు లేకుండా. మేము ఆయన్ను చెప్పుల వల్ల గుర్తుపట్టేవాళ్లం గనక ఒక్క క్షణం తడబడ్డాం. ముగ్గురం జనగామ వచ్చి, వీధి మలుపు తిరిగేసరికి, మా ఇల్లు కళ్లు జిగేలుమనేంత తెల్లగా నిలబడి ఉంది.

దసరా దగ్గరపడింది, పైగా కొడుకు జైలు నుంచి వస్తున్నాడు. అవ్వ మేము లేని రోజుల్లో ఇల్లంతా సున్నం వేయించింది. గోడలతో ఆగలేదు. మా వైపు పండుగకు తొట్లకు సున్నం వేసి, చెట్ల మొదళ్లకు కూడా తెల్లగా పూసి, మీద ఎర్రని జాజు పట్టీ తీర్చడం అలవాటు. అది లేనిదే పండుగ వచ్చినట్టు కాదు. ఇంటి కోడలి చెట్టు, అందులోనూ మొగ్గ తొడిగిన చెట్టు, దానికి అందరికంటే ఎక్కువ చేయాలనుకుంది అవ్వ. తొట్టికి లోపలి అంచుదాకా రెండు పూతలు. మొదలుకు బెత్తెడు ఎత్తున పూత, దాని మీద జాజు. కుంచె కడిగిన సున్నపు నీళ్లు పారబోయడం ఎందుకని అవి కూడా తొట్టిలోనే పోసింది. అదంతా తన చేత్తో చేసింది, పనివాళ్లను ముట్టనివ్వలేదు.

అన్న గడప దగ్గర ఆగి, ముక్కుతో గాలి పీల్చాడు. వదిన పెరటి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె కుడిచేయి మూసి ఉంది.

"జైల్ల గూడ గిదే వాసన," అన్నాడు అన్న.

అందరం నవ్వాం. నవ్వవలసిన చోటే గదా. వదిన కూడా నవ్వింది. తరువాత నేను పెరట్లోకి పోతే మొగ్గ కొమ్మ మీద లేదు. ఆ పొద్దున రాలిందట, మూసిన పిడికిట్లో అదే ఉంది, పసుపు తిరిగి. సున్నంతో తొట్టి మెరిసిపోతున్నది. కాగితం అద్ది చూడవలసిన అవసరం లేదు. అవ్వ వెనకనే వచ్చి, మొగ్గేదమ్మా, నిన్న ఉండె గద, అని అడిగింది. ఆ పప్పు మాటలన్నిటికీ బదులు తీర్చుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. వదిన తొట్టి వైపు చూసింది, అవ్వ వేళ్ల సందుల్లో ఇంకా అంటి ఉన్న సున్నం వైపు చూసింది.

"ఎండకు రాలింది అత్తమ్మా," అన్నది.

ఆశ్వయుజ మాసంలో ఎండ ఎంత ఉంటుందో అవ్వకు తెలియదా. ఆమె వేళ్లకున్న సున్నాన్ని కొంగుకు తుడుచుకుంది. ఆ పైన తాను బతికి ఉన్నంతకాలం ప్రతి దసరాకూ ఇంట్లో అన్నిటికీ సున్నం వేసి, ఆ ఒక్క తొట్టి దగ్గరికి వచ్చేసరికి కుంచెను వెనక్కు పెట్టుకుని చుట్టూ తిరిగి పోయేది. బూడిద చల్లడం కూడా ఆపేసింది. వాళ్లిద్దరి మధ్య సంధి అంటూ ఏదైనా కుదిరిందంటే అది ఆ పెరట్లో, ఆ పూటనే, ఒక్క మాట లేకుండా కుదిరింది.

సున్నం పట్టిన మట్టిని పైనుంచి తోడేసి, సంచి అడుగున మిగిలిన అడవి మట్టి నింపి చెట్టును బతికించుకున్నాం గాని, పువ్వు మాత్రం ఆ ఏడూ రాలేదు, మరుసటేడూ రాలేదు. తరువాత అన్నకు ఉద్యోగం తిరిగి ఇచ్చి, మానుకోటకు బదిలీ చేశారు. కాగితాల మీద అది మహబూబాబాదు, మాకు మానుకోటే. ప్యాసింజరు బండిలో సామాన్లన్నీ అన్న చూసుకుంటే, తొట్టిని వదినా నేనూ మార్చి మార్చి ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాం. పక్కన కూర్చున్నవాళ్లు అదేం మొక్క అని అడిగితే వదిన మా ఊరి చెట్టు అని చెప్పేది.

మానుకోట నీళ్లు మా నీళ్లంత కాఠిన్యం ఉన్నవి కావు. అక్కడ చెరువు ఒండ్రూ, మిల్లు వెనక కుప్పలో మాగిన వడ్ల ఊకా, ఇంత పెంటా కలిపి, పెంకుల మీది వాన నీళ్లు పోస్తుంటే, చెట్టు మెల్లగా తన ఊరనుకున్నట్టుంది. ఒక వానకాలం నేను చూడబోయినప్పుడు తెల్లవారి పువ్వు విచ్చింది. వదిన దాన్ని తలలో పెట్టుకోలేదు. అన్న గడ్డం గీసుకునే అద్దం కింద గూట్లో పెట్టి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి పోయింది. అన్న గడ్డం గీసుకున్నాడు, స్నానం చేశాడు, అన్నం తిన్నాడు, గొడుగు తీసుకుని కచేరీకి బయలుదేరాడు. నాకు ఆయన్ను కొట్టబుద్ధయింది. వీధి చివరిదాకా పోయినవాడు ఎందుకో వెనక్కు వచ్చాడు. గడపలోనే నిలబడి, చెప్పులు విప్పకుండా, వంటింటి వైపు తిరిగి అన్నాడు.

"గీ వాసన... మీ బాయికాడిది గద?"

లోపల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు వినబడింది. అన్న తిరిగి కచేరీకి వెళ్లిపోయాడు. నేను పెట్టె సర్దుకునే నెపంతో గోడ వైపు తిరిగాను. నా మొత్తం చదువులో ఉత్తీర్ణుడనయ్యానని నాకు నమ్మకంగా తెలిసింది ఆ పూట ఒక్కటే.

ఎనభైలలో అవ్వకు చేతగాకపోవడంతో అన్నావదినలు తిరిగి జనగామ వచ్చారు. చెట్టు కూడా వచ్చింది, ఇక తొట్టి చాలదని పెద్ద గుంత తవ్వి నేలలో పెట్టాలనుకున్నాం. మట్టి కోసం నేను మళ్లీ ఘనపూరు వైపు పోయాను. ఈసారి బస్సును ఎవరూ ఆపలేదు. మామ లేడు, బావి దగ్గరి చెట్టు కూడా లేదు, అక్కడ మోటరు గది కట్టారు. భూపాలపల్లి దోవలో బొగ్గు కోసం తవ్వకాలు మొదలై, లారీలు తిరుగుతుంటే, మా మద్దిచెట్ల జాడ నేను సరిగా గుర్తుపట్టలేకపోయాను. దొరికినచోట దొరికిన మట్టి తెచ్చి గుంత నింపాను. ఒకటి రెండేళ్లు చెట్టు సర్దుకుపోయింది. వేళ్లు ఆ గుంత దాటి మా సౌడులోకి దిగాక, నేల తన మాట నెగ్గించుకుంది. ఒక ఎండాకాలం అది పోయింది. వదిన ఆ మొద్దును తీయించి, అక్కడ గన్నేరు పెట్టించింది. ఆ రోజుల్లోనే ఆమె తమ్ముడి ఇంట్లో ఏదో శుభకార్యానికి ఘనపూరు పోయి వచ్చి, నవ్వుతూనే చెప్పింది, అక్కడి ఆడవాళ్లు తనను జనగామామె అని పిలుస్తున్నారని.

అన్న ఇప్పుడు లేడు. రాష్ట్రం వచ్చిన సంగతి టీవీలో చూసి, సరే, అని ఒక్క మాట అని, ఆ తరువాత కొన్నేళ్లకు పోయాడు. వదిన కూతురి దగ్గర, మా పక్క వీధిలోనే ఉంటుంది. కంటిచూపు తగ్గింది, చెవులు బాగున్నాయి, నాలుక మా అవ్వది వచ్చింది. మొన్న నేను షవరును చింతపండులోంచి తీసి తుడుస్తుండగా అన్న కూతురు వచ్చి, చిన్నాయినా ఒకటి చూపిస్తా రా, అమ్మకు తెచ్చిన, అని వాళ్లింటికి తీసుకుపోయింది. బాల్కనీలో ప్లాస్టిక్ కుండీలో గంధరాజం, ఆకుకొక పువ్వన్నట్టు పూసి ఉంది. హైదరాబాదు నుంచి అట్టపెట్టెలో వచ్చిందట. కుండీలో మట్టి లేదు. కొబ్బరిపీచు పొడి, తెల్లని గుళికలేవో, చెట్టుకు ఎంత పులుపు కావాలో అంత ముందే కొలిచి కలిపారని సంచి మీద అచ్చువేశారు. పోసేవి కూడా బావి నీళ్లు కావు, మరలో వడకట్టినవి. వేలు పెట్టి చూశాను. వేలుకు మట్టి అంటలేదు.

ఇది మంచికే అని నాకు తెలుసు. మేము ఒక వానకాలమంతా పడ్డ అవస్థ ఇప్పుడొక సంచిలోకి వచ్చింది. ఎవరూ రోడ్డు మీద మట్టి కుమ్మరించుకోనక్కర లేదు, ఏ అత్తా కుంచె దాచుకుని తిరగనక్కర లేదు. కోడళ్లను ఇప్పుడు శుభ్రంగా పేర్లు పెట్టి పిలుస్తున్నారు, వాళ్లది ఏ ఊరో వాడకట్టుకు తెలియనే తెలియదు. పప్పు కుక్కరులో మూడు ఈలలకు ఉడుకుతుంది. ఇన్ని బాగుపడ్డాక కూడా, ఆ నల్లని మట్టి వేళ్ల మధ్య విడిపోయిన తీరు మళ్లీ ఒక్కసారి దొరికితే బాగుండునని నాకెందుకు అనిపిస్తుందో, దానికి పరీక్ష కాగితం ఇంకా రాలేదు.

అన్న కూతురు వదినను చేయిపట్టి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. వదిన ఒక పువ్వును దగ్గరకు వంచుకుని వాసన చూసింది. వాసనకు లోటేమీ లేదు, అదే వాసన. చాలాసేపు పట్టుకుని వదిలేసింది. తరువాత చేయి కిందికి జరిపి, కుండీ అంచు తడిమి, ఆ పొడిని కొంచెం తీసి వేళ్ల మధ్య నలిపి, నా వైపు తిరిగింది.

"పూసుడైతె మంచిగనే పూసింది తమ్మీ. మరి గిది ఏ ఊరిది?"